యంత్రమే నడిపే అణు కేంద్రంలో ఆపరేటర్ నేర్చుకోవలసింది ఏమిటి?

ఐక్య అరబ్ ఎమిరేట్స్‌లోని బరాకాలో మొదటి అణు విద్యుత్ యూనిట్ నిర్మాణం పూర్తయిందని 2018 మార్చిలో ప్రకటించారు. దక్షిణ కొరియా రూపొందించిన ఏపీఆర్‌-1400 రియాక్టర్ అది. పాత కేంద్రాల్లో లాగా మీటర్లు, స్విచ్‌లతో నిండిన ప్యానెళ్ల వరుసలు దాని కంట్రోల్ రూమ్‌లో ఉండవు. ఎదురుగా అందరికీ కనిపించే పెద్ద తెర, ఆపరేటర్ల ముందు మానిటర్లు, ఏ దశలో ఏం చేయాలో ఆ మానిటర్ల మీదే చూపించే కార్యవిధానాలు ఉంటాయి. ఇంత ఆధునికమైన యూనిట్‌కు నడిపే లైసెన్సు వచ్చింది మాత్రం 2020 ఫిబ్రవరిలో. రియాక్టర్ మొదటిసారి పనిచేయడం మొదలుపెట్టిందని ప్రకటన వెలువడింది ఆ ఏడాది ఆగస్టు 1న. కేంద్రాన్ని నడిపే నవా ఎనర్జీ సంస్థ 2018లో ఇంధనం నింపే తేదీని వాయిదా వేస్తూ, ఆపరేటర్లు తమ సన్నాహాలు పూర్తిచేసుకోవడానికీ, నియంత్రణ సంస్థ అనుమతులు రావడానికీ పట్టే సమయాన్నే కారణంగా చెప్పింది. అంటే నిర్మాణం ముగిసిన తరువాత కూడా కేంద్రం మనుషుల కోసం ఆగవలసి వచ్చింది.

స్వయంచాలక వ్యవస్థలు పెరిగితే మనిషి చేసే పని తగ్గుతుందనీ, పని తగ్గితే శిక్షణ కూడా తగ్గించవచ్చనీ అనుకోవడం సహజం. మొదటి మాట నిజం. రెండోది దాని నుంచి రాదు. యంత్రానికి అప్పగించగలిగేది ముందే ఊహించి, నియమంగా రాయగలిగిన పనిని మాత్రమే. నియమానికి లొంగని పరిస్థితి ఎదురైనప్పుడు అది మళ్లీ మనిషి చేతికే వస్తుంది. బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ 1983లో ప్రచురించిన పరిశోధనా పత్రంలో ఈ వైరుధ్యాన్ని స్పష్టంగా ఎత్తిచూపారు: తేలికైన పనులు యంత్రానికి పోయి అతి కష్టమైనవి మనిషికి మిగులుతాయి, పైగా రోజువారీ సాధన లేక అవి చేయగల నైపుణ్యం అతనిలో తరిగిపోతూ ఉంటుంది. నాలుగు దశాబ్దాల తరువాత కూడా అణు కేంద్రాల శిక్షణ విభాగాల ముందున్న ప్రధాన సమస్య ఇదే.

అణు కేంద్రాల్లో స్వయంచాలకత కొత్తగా వచ్చిందేమీ కాదు. రియాక్టర్‌ను ఆపివేసే రక్షణ వ్యవస్థ మొదటి తరం కేంద్రాల నుంచీ మనిషి ఆజ్ఞ కోసం ఎదురుచూడకుండానే పనిచేస్తోంది. జర్మనీ కేంద్రాల్లో ప్రమాదం మొదలైన తొలి 30 నిమిషాలు ఆపరేటర్ ఏమీ చేయనవసరం లేకుండా వ్యవస్థలను రూపొందించాలన్న సూత్రాన్ని పాటించారు. భారత్‌లోని భారజల (హెవీ వాటర్) రియాక్టర్లలో శక్తిని ఎప్పటికప్పుడు సర్దే పనిని కంప్యూటర్ ఆధారిత నియంత్రణ వ్యవస్థే చేస్తుంది. పరిస్థితి అదుపు తప్పుతున్న సూచనలు కనిపిస్తే ముందు నెమ్మదిగా, అవసరమైతే ఒక్కసారిగా శక్తిని తగ్గిస్తుంది. నడుస్తున్న రియాక్టర్‌లోనే ఇంధన కట్టలు మార్చే యంత్రాలు కూడా కంప్యూటర్ అదుపులోనే కదులుతాయి. వెస్టింగ్‌హౌస్ రూపొందించిన ఏపీ-1000 రియాక్టర్ విషయంలో 30 నిమిషాల గడువు ఏకంగా 72 గంటలయింది: బయటి విద్యుత్తు గానీ, డీజిల్ జనరేటర్లు గానీ, ఆపరేటర్ చర్య గానీ లేకుండా గురుత్వాకర్షణ, సహజ ప్రసరణల సాయంతో మూడు రోజులు చల్లబడేలా దాన్ని రూపొందించారు.

ఆ 72 గంటలూ ఆపరేటర్ కూర్చుని చేసేదేమిటన్న ప్రశ్నకు జవాబు పాత ప్రమాదాల్లోనే దొరుకుతుంది.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో త్రీ మైల్ ఐలండ్ రెండో యూనిట్‌లో 1979 మార్చి 28 తెల్లవారుజామున 4 గంటలకు, టర్బైన్‌కు ఆవిరిని తయారుచేసే స్టీమ్ జనరేటర్లకు నీటి సరఫరా ఆగింది. టర్బైన్ ఆగింది, కొద్ది సెకన్లలోనే రియాక్టర్ కూడా ఆగిపోయింది. రియాక్టర్‌ను ఆపే యంత్రాలు ఆశించినట్లే పనిచేశాయి, కాని ఒక వాల్వ్ మొరాయించింది. పీడనం పెరిగినప్పుడు తెరుచుకున్న రిలీఫ్ వాల్వ్ మళ్లీ మూసుకోకుండా ఇరుక్కుపోయింది. కంట్రోల్ ప్యానెల్ మీద దానికి సంబంధించిన దీపం మాత్రం ఆరిపోయింది. ఆ దీపం వాల్వ్ ఏ స్థితిలో ఉందో చెప్పేది కాదు. వాల్వ్‌కు వెళ్లే విద్యుత్ సంకేతం ఉందా లేదా అన్నదే చెప్పేది. మూసుకోమన్న ఆజ్ఞ వెళ్లింది కాబట్టి దీపం ఆరింది, ఆపరేటర్లు వాల్వ్ మూసుకుందనుకున్నారు. అక్కడి నుంచి శీతలీకరణ నీరు బయటికి పోతూనే ఉంది.

రెండు నిమిషాలకు అధిక పీడన పంపులు తమంతట తామే మొదలై, రియాక్టర్‌లో ఇంధనం ఉండే కోర్‌లోకి నీరు పంపసాగాయి. ఆపరేటర్లు కొద్ది నిమిషాల్లోనే ఒక పంపును ఆపి, రెండోదాని ప్రవాహాన్ని బాగా తగ్గించారు. ఇది అజ్ఞానం వల్ల చేసిన పని కాదు, నేర్చుకున్న పాఠాన్ని బుద్ధిగా పాటించిన ఫలితం. ప్రెషరైజర్ అనే పాత్ర పూర్తిగా నీటితో నిండిపోతే పీడనాన్ని అదుపు చేయడం సాధ్యం కాదు కాబట్టి ఎట్టి పరిస్థితుల్లోనూ అలా నిండనీయకూడదని వాళ్లకు నేర్పారు. అమెరికా నౌకాదళ అణు విభాగం నుంచి వచ్చిన వాళ్లకు ఆ జాగ్రత్త మరింతగా ఒంటబట్టింది. ప్రెషరైజర్‌లో మట్టం పెరుగుతూ, వ్యవస్థలో పీడనం మాత్రం పడిపోతోంది. ఈ రెండూ కలిసి కనిపిస్తున్నాయంటే కోర్‌లో నీరు మరుగుతోందని అర్థం. ఉష్ణోగ్రతను, పీడనాన్ని పక్కపక్కన పెట్టి ఆవిరి పట్టికలో చూసుకుంటే తేలిపోయే విషయమే ఇది, కాని తొలి నిమిషాల్లోనే వందకు పైగా అలారాలు మోగుతున్న గదిలో ఆ పోలిక ఎవరి మనసుకూ రాలేదు. ఇరుక్కున్న వాల్వ్ ఉన్న గొట్టంలోని మరో వాల్వ్‌ను మూసి నీటి నష్టాన్ని ఆపేసరికి రెండు గంటల 20 నిమిషాలు దాటింది. అప్పటికే కోర్‌లో దాదాపు సగం కరిగిపోయే దారిలో ఉంది.

ఈ ఉదంతంలో శిక్షణ లోపం ఇంకో చోట కూడా ఉంది. ఆపరేటర్లు సాధన చేసింది వర్జీనియాలోని లించ్‌బర్గ్‌లో రియాక్టర్ తయారీ సంస్థ నడిపే సిమ్యులేటర్ మీద, అంటే కేంద్రం ప్రవర్తనను అనుకరించి చూపే నకలు కంట్రోల్ రూమ్‌లో. సరిగ్గా ఇలాంటి పరిస్థితిని, అంటే మట్టం పెరుగుతూ కోర్ ఎండిపోయే పరిస్థితిని, చూపించే సామర్థ్యం ఆ సిమ్యులేటర్‌కు లేదు. 1977 సెప్టెంబరులో ఒహాయోలోని డేవిస్-బెస్సీ కేంద్రంలో ఇలాంటి వాల్వే ఇలాగే ఇరుక్కుంది. అక్కడ రియాక్టర్ 9 శాతం శక్తి మీదే ఉండడం, సుమారు 20 నిమిషాల్లో లోపం తెలిసిపోవడం వల్ల నష్టం జరగలేదు. ఆ అనుభవం త్రీ మైల్ ఐలండ్ తరగతి గదికి చేరనే లేదు.

దీని తరువాత అమెరికాలో వచ్చిన మార్పులే నేటి ఆపరేటర్ శిక్షణకు పునాది. 1979 డిసెంబరులో అట్లాంటాలో పరిశ్రమ తనకు తానుగా ఇన్‌పో అనే సంస్థను ఏర్పాటు చేసుకుని ఒక కేంద్రం అనుభవాన్ని మిగతావాటికి చేరవేయడం, శిక్షణ కార్యక్రమాలకు గుర్తింపునివ్వడం మొదలుపెట్టింది. ప్రతి కేంద్రానికీ దాని కంట్రోల్ రూమ్‌కు అచ్చుగుద్దినట్లుండే సిమ్యులేటర్ ఉండే పద్ధతి క్రమంగా స్థిరపడింది. అన్నింటికంటే లోతైన మార్పు అత్యవసర కార్యవిధానాల్లో వచ్చింది. అంతకుముందు ఆపరేటర్ మొదట ఏ ప్రమాదం జరిగిందో నిర్ధారించుకుని, దానికి సంబంధించిన పుస్తకం తెరవాలి. నిర్ధారణ తప్పితే తరువాతి ప్రతి అడుగూ తప్పే. కొత్త పద్ధతిలో కారణం తెలియకపోయినా లక్షణాలను బట్టి నడవవచ్చు: శృంఖల చర్య ఆగిందా, కోర్ చల్లబడుతోందా, వేడి బయటికి పోయే దారి ఉందా, రేడియోధార్మికతను లోపలే ఆపే కంటైన్‌మెంట్ కట్టడం నిలిచి ఉందా అని వరుసగా చూసుకుంటూ, పోయినదాన్ని ముందు నిలబెట్టుకోవాలి. మరిగే స్థితికి నీరు ఎంత దూరంలో ఉందో నేరుగా చూపించే మీటర్లు కూడా అప్పుడే వచ్చాయి.

అయితే త్రీ మైల్ ఐలండ్ పాఠాన్ని ‘యంత్రం చేసే పనికి అడ్డు రావద్దు’ అని కుదించుకోవడం పొరపాటే అవుతుంది. జపాన్‌లోని ఫుకుషిమా దైచీ మొదటి యూనిట్‌లో 2011 మార్చి 11న జరిగినది ఇందుకు ఉదాహరణ. భూకంపం తరువాత ఐసొలేషన్ కండెన్సర్ అనే శీతలీకరణ వ్యవస్థ దానంతట అదే మొదలైంది. పంపులు అవసరం లేని, సహజ ప్రసరణ మీద నడిచే వ్యవస్థ అది. రియాక్టర్ గంటకు 55 డిగ్రీల సెల్సియస్ కంటే వేగంగా చల్లబడకూడదన్న నియమం ఉండడంతో ఆపరేటర్లు దాన్ని ఆపుతూ, మళ్లీ నడుపుతూ వచ్చారు. అది కార్యవిధానానికి అనుగుణమైన చర్యే. సునామీ వచ్చి విద్యుత్తు పూర్తిగా పోయిన క్షణంలో ఆ వ్యవస్థ ఆపి ఉన్న స్థితిలో ఉంది. పైగా నియంత్రణ విద్యుత్తు పోతే పైపు ఎక్కడో పగిలిందని భావించి వాల్వ్‌లు మూసుకునేలా దాన్ని రూపొందించారు. బయటి నుంచి నిర్ణయాలు తీసుకునే అత్యవసర కేంద్రంలో మాత్రం కండెన్సర్ పనిచేస్తూనే ఉందని గంటల తరబడి నమ్మారు.

ఆ షిఫ్టులో ఉన్న ఎవరూ అంతకుముందు ఐసొలేషన్ కండెన్సర్‌ను నిజంగా నడిపి చూసినవారు కారని దర్యాప్తులో తేలింది. అది పనిచేస్తున్నప్పుడు భవనం గోడలోని రంధ్రాల నుంచి ఆవిరి ఎంత ధాటిగా, ఎంత చప్పుడుతో వస్తుందో తెలిసినవారు లేరు. కొద్దిగా ఆవిరి కనిపిస్తే అది పనిచేస్తున్నట్లా, ఆగిపోతున్నట్లా అన్నది చెప్పగలిగే అనుభవం వాళ్లకు లేదు. అక్కడి ఆపరేటర్లు చీకట్లో కార్ల బ్యాటరీలు తెచ్చి మీటర్లకు కలిపి అంకెలు రాబట్టారు. వాళ్ల ధైర్యానికి, పనితనానికి వంక పెట్టలేం. శిక్షణ ఇవ్వని చోట అవి రెండూ సరిపోలేదు.

భారత్‌లో దీనికి పూర్తిగా భిన్నమైన అనుభవం ఉంది. దాని గురించి మన పత్రికల్లో చర్చ జరగవలసినంత జరగలేదు. ఉత్తర ప్రదేశ్‌లోని నరోరా మొదటి యూనిట్‌లో 1993 మార్చి 31 తెల్లవారుజామున 3.32 గంటలకు టర్బైన్ బ్లేడ్లు విరిగి, హైడ్రోజన్ అంటుకుని పెద్ద మంట లేచింది. ఆపరేటర్లు నిమిషం లోపే రియాక్టర్‌ను చేతితో ఆపారు. మంటలు కేబుళ్ల వెంట వ్యాపించి విద్యుత్ సరఫరాలన్నీ తెగిపోయాయి. దాదాపు 17 గంటలు కేంద్రమంతా చీకటి. కంట్రోల్ రూమ్‌లోకి పొగ రావడంతో సిబ్బంది బయటికి రావలసి వచ్చింది. చూడడానికి మీటర్లు లేవు, నొక్కడానికి స్విచ్‌లు లేవు. అలాంటి స్థితిలో వాళ్లు టార్చిలైట్ల వెలుగులో మెట్లెక్కి వెళ్లి, శృంఖల చర్య మళ్లీ మొదలుకాకుండా బోరాన్ ద్రావణాన్ని వాల్వ్‌లు చేతితో తిప్పి రియాక్టర్‌లోకి వదిలారు. మంటలార్పడానికి ఉద్దేశించిన డీజిల్ పంపులను నడిపి ఆ నీటిని స్టీమ్ జనరేటర్లకు మళ్లించారు. కోర్‌కు హాని జరగలేదు, రేడియోధార్మికత బయటికి రాలేదు. అణు సంఘటనల తీవ్రతను ఏడు స్థాయిల్లో కొలిచే అంతర్జాతీయ కొలమానంలో ఇది మూడో స్థాయి సంఘటనగా నమోదైంది.

నరోరా సిబ్బందిని కాపాడిన జ్ఞానం ప్యానెల్ మీద లేదు, కార్యవిధాన పుస్తకంలోనూ పూర్తిగా లేదు. ఏ గొట్టం ఎక్కడి నుంచి ఎక్కడికి వెళుతుందో, ఏ వాల్వ్‌ను కాళ్లతో నడిచి వెళ్లి తిప్పగలమో, వేడి ఏ దారిన బయటికి పోతుందో వాళ్లకు తెలుసు. త్రీ మైల్ ఐలండ్‌లోనూ, ఫుకుషిమాలోనూ మనుషులు తమంతట తామే మొదలైన యంత్రాలను ఆపారు. నరోరాలో యంత్రాలు లేకుండానే పని నడిపారు. మూడింటిలోనూ తేడా తెచ్చింది ఒక్కటే: కేంద్రం ఆ క్షణాన నిజంగా ఏ స్థితిలో ఉందో మనుషులకు తెలియడం, తెలియకపోవడం. స్వయంచాలక కేంద్రానికి కావలసిన శిక్షణను దీని చుట్టూ అల్లవలసి ఉంటుంది. ఏ బటన్ ఎప్పుడు నొక్కాలన్నది ఇందులో చిన్న భాగం. ఈ వ్యవస్థ ఏ సంకేతాన్ని చూసి కదులుతుంది, విద్యుత్తు పోతే ఏ వైపుకు ఒరుగుతుంది, తెర మీది గుర్తు కొలతను చూపిస్తోందా, లేక కేవలం ఆజ్ఞనా అన్నవి పెద్ద భాగం.

డిజిటల్ కంట్రోల్ రూమ్‌లు వచ్చాక ఈ పని కొన్ని విధాల సులభమై, కొన్ని విధాల జటిలమైంది. పాత గదిలో ప్రతి మీటర్‌కూ ఒక స్థిరమైన చోటు ఉండేది. తోటి ఆపరేటర్ ఏ ప్యానెల్ దగ్గర నిలబడ్డాడో, ఏ స్విచ్ మీద చెయ్యి వేశాడో షిఫ్ట్ ఇన్‌ఛార్జికి కూర్చున్న చోటి నుంచే కనిపించేది. ఇప్పుడు అందరూ కుర్చీల్లో మౌస్ పట్టుకుని ఉంటారు, ఒకరు ఏం చేస్తున్నారో పక్కవారికి తెలియదు. వేల కొలతలు తెర వెనుక ఉన్నా ఒకసారి కనిపించేవి కొన్నే. తాళం రంధ్రంలోంచి గదిని చూసినట్లుంటుంది. అందుకే పెద్ద తెరలు వచ్చాయి, అందుకే చేసే ప్రతి పనినీ నోటితో చెప్పడం, విన్నవారు తిరిగి చెప్పడం, చెప్పినవారు సరేననడం అన్న మూడు దశల సంభాషణకు శిక్షణలో అంత ప్రాధాన్యం వచ్చింది. కంప్యూటరే తరువాతి అడుగు చూపిస్తుంటే ఆలోచన ఆగిపోయి వేలు మాత్రమే కదిలే ప్రమాదం కూడా ఉంది. తరచి చూసే అలవాటు లేనివారికి ఈ సౌకర్యం మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది.

కార్యవిధానం ఒక్కటే సరిపోతుందా అన్నదాన్ని నార్వేలోని హాల్డెన్ ప్రయోగశాలలో పరీక్షించి చూశారు. నిజమైన కేంద్రాల్లో పనిచేసే లైసెన్సు ఉన్న 14 బృందాలకు అక్కడి సిమ్యులేటర్‌లో స్టీమ్ జనరేటర్ గొట్టం పగిలిన సన్నివేశాన్ని రెండు రకాలుగా ఇచ్చారు. లక్షణాలన్నీ స్పష్టంగా కనిపించిన మొదటి సన్నివేశంలో బృందాల మధ్య తేడా తక్కువగా ఉంది. రేడియోధార్మికత సూచన మరుగున పడేలా చేసిన రెండో సన్నివేశంలో మాత్రం లోపాన్ని గుర్తించడానికి బృందాలకు పట్టిన సమయం ఎంతో హెచ్చుతగ్గులుగా వచ్చింది. లైసెన్సు ఒకటే, పుస్తకం ఒకటే. కనిపించవలసిన గుర్తు కనిపించనప్పుడు ‘ఇది కాకపోతే ఇంకేమిటి’ అని ఆలోచించడంలోనే తేడా వచ్చింది. సిమ్యులేటర్ శిక్షణలో అబద్ధం చెప్పే మీటర్లు, ఒకేసారి రెండు లోపాలు, మధ్యలో ఆగిపోయే కంప్యూటర్ తెరలు తప్పనిసరిగా ఉండాలనడానికి ఇంతకంటే మంచి ఆధారం అక్కర్లేదు. పాసయ్యేందుకు వీలుగా ముందే తెలిసిన సన్నివేశాలను వల్లె వేయించడం సిమ్యులేటర్‌ను పరీక్షా కేంద్రంగా మార్చడమే.

భారత్‌లో కంట్రోల్ రూమ్‌లో కూర్చునే కంట్రోల్ ఇంజినీర్, అసిస్టెంట్ షిఫ్ట్ ఛార్జ్ ఇంజినీర్, షిఫ్ట్ ఛార్జ్ ఇంజినీర్ ముగ్గురికీ అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు ఉండాలి. కేంద్రమంతా తిరిగి పరికరాలను గుర్తుపట్టి చూపడం, రాత పరీక్షలు, సిమ్యులేటర్ పరీక్ష, వైద్య పరీక్ష, చివరికి నిపుణుల సంఘం ముందు మౌఖిక పరీక్ష అన్నీ దాటాలి. లైసెన్సు శాశ్వతం కాదు, గడువు తీరితే మళ్లీ అర్హత నిరూపించుకోవాలి. కంట్రోల్ రూమ్‌కు రాకముందు క్షేత్రంలో, అంటే పంపులు, వాల్వ్‌ల మధ్య, పనిచేసి ఉండాలన్న ఆనవాయితీ ఈ పద్ధతిలోని పెద్ద బలం. నరోరాలో పనికొచ్చింది ఆ బలమే.

బలహీనత ఇంకో చోట ఉంది. కర్ణాటకలోని కైగా మొదటి యూనిట్ 2016 మే నుంచి 2018 డిసెంబరు 31 వరకు 962 రోజులు ఆగకుండా నడిచి అప్పట్లో ప్రపంచ రికార్డు సృష్టించింది. నిర్వహణ పరంగా అది గర్వించదగిన విషయం. శిక్షణ పరంగా చూస్తే, ఆ కాలంలో అక్కడ చేరిన యువ ఇంజినీర్‌కు తన యూనిట్ ఆగడం గానీ, మొదలవడం గానీ రెండున్నరేళ్లకు పైగా కంటపడలేదని అర్థం. భారజల రియాక్టర్ అనుకోకుండా ఆగితే జెనాన్ అనే న్యూట్రాన్లను మింగే వాయువు పేరుకునే లోపు, సుమారు అరగంటలో, కారణం తేల్చి మళ్లీ మొదలుపెట్టాలి. లేకపోతే ఒకటిన్నర రోజు వేచి ఉండాలి. ఆ అరగంట ఒత్తిడిలో ‘కారణం తేలలేదు, మొదలుపెట్టను’ అనగలగడం ఏ కంప్యూటరూ చేయలేని నిర్ణయం. యూనిట్లు ఎంత బాగా నడిస్తే ఆ నిర్ణయం తీసుకునే అనుభవం అంత అరుదవుతుంది, సిమ్యులేటర్ మీద గడిపే గంటలు ఆ మేరకు పెరగవలసి ఉంటుంది. అమెరికా కేంద్రాల్లో షిఫ్ట్ బృందాలు ప్రతి ఐదారు వారాల్లో ఒక వారం శిక్షణలోనే ఉంటాయి. అందుకు సరిపడా బృందాలను అదనంగా పోషించడం ఖర్చే అయినా దాన్ని కేంద్రం నడిపే ఖర్చులో భాగంగానే లెక్కిస్తారు.

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ప్రతిపాదించిన ఆరు యూనిట్లు ఏపీ-1000 రకానివే కాబట్టి ఈ చర్చ ఆంధ్ర ప్రదేశ్‌కూ సంబంధించినదే. ఈ రియాక్టర్‌లో ఆపరేటర్‌కు ఎదురయ్యే కష్టం వేరు. చల్లదనాన్నిచ్చే నీరు పంపులతో కాక ఎత్తు నుంచి జారి వస్తుంది కాబట్టి చప్పుడు చేసే మోటార్లు, అవి గుంజే విద్యుత్తును చూపించే మీటర్లు ఉండవు. ప్రవాహం నిజంగా ఉందో లేదో సూక్ష్మమైన ఉష్ణోగ్రత తేడాల నుంచి గ్రహించాలి. ఫుకుషిమా కండెన్సర్ విషయంలో జరిగిన పొరపాటు మళ్లీ జరగగల చోటు ఇదే. పీడనాన్ని తగ్గించే చివరి దశ వాల్వ్‌లు చిన్న పేలుడుతో తెరుచుకుంటాయి, ఒకసారి తెరుచుకుంటే మళ్లీ మూసుకోవు. యూనిట్ చాలాకాలం మూతపడుతుందన్న భయంతో వాటిని ఆపాలనిపించే క్షణం రావచ్చు. ఆ క్షణంలో ఆపకుండా ఉండడం ఎప్పుడు సరైనదో తెలియాలంటే వాల్వ్ వెనుకనున్న తర్కం ఆపరేటర్‌కు కంఠతా కాదు, అర్థమై ఉండాలి.

హైదరాబాద్‌లోని ప్రభుత్వ రంగ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ దశాబ్దాలుగా భారతీయ రియాక్టర్లకు నియంత్రణ పరికరాలను తయారుచేస్తోంది. దేశీయ భారజల రియాక్టర్లలో ఆపరేటర్‌కు ఏదైనా సందేహం వస్తే నియంత్రణ తర్కాన్ని రాసినవారిని అడిగే వీలుంది. దిగుమతి చేసుకున్న కేంద్రంలో ఆ వీలు ఒప్పందంలో రాసుకుంటేనే ఉంటుంది. సిమ్యులేటర్‌ను, దాని వెనుక నమూనాలను మార్చుకునే హక్కును, నియంత్రణ తర్కపు పూర్తి పత్రాలను కొనుగోలు దశలోనే అడగకపోతే తరువాత ప్రతి కొత్త సన్నివేశానికీ తయారీదారు మీద ఆధారపడవలసి వస్తుంది.

కాలవ్యవధి విషయం మరొకటి ఉంది. కొత్త కేంద్రంలో కమిషనింగ్ పరీక్షలు, అంటే నిర్మాణం తరువాత ప్రతి వ్యవస్థనూ నడిపి చూసే పరీక్షలు, జరిగే నెలల్లో ఆపరేటర్లు ప్రతి పంపునూ నడుపుతారు, రియాక్టర్‌ను పదేపదే ఆపుతారు, విద్యుత్తు పోయినప్పుడు ఏం జరుగుతుందో కళ్లారా చూస్తారు. మొదటి తరం ఆపరేటర్లకు దక్కే ఈ అనుభవం పదేళ్ల తరువాత చేరేవారికి దొరకదు. వాళ్లు చూసేది నిలకడగా నడిచే యూనిట్‌ను, మారని అంకెలను. ఆ పరీక్షల్లో వ్యవస్థలు నిజంగా ఎలా ప్రవర్తించాయో, ఏ వాల్వ్ ఎంత ఆలస్యంగా కదిలిందో, ఏ మీటర్ తప్పు చూపిందో నమోదు చేసి సిమ్యులేటర్‌లోకి ఎక్కించే పని కమిషనింగ్‌తో పాటే మొదలుకావాలి. ఆ పని చేయవలసిన శిక్షకులు కూడా ఆ పరీక్షల్లో పాల్గొన్న ఆపరేటర్ల నుంచే రావాలి.